అడ్డగీత

గోల్‌బజార్‌లో కూరల సంచీ నింపుకుని స్టేషన్ మీదుగా ఇంటికి రావడం నాకు ఉద్యోగ విరమణ తరవాత పట్టిన అలవాటు. దారి కొంచెం చుట్టే. అయినా ఒక్క బండినైనా చూడకపోతే పొద్దు పొడిచినట్టుండదు. బెంగాలీలో బేరం మొదలుపెట్టి తెలుగులో డబ్బులు లెక్కపెట్టే బజారు మాది. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో చాలావాటికి పునాది ఒక రైల్వే ఉద్యోగం. తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చారు. రైల్వే పేరు మారి ఎన్నేళ్లయినా మా పెద్దల నోట అది బీఎన్నారే.

ఆ రోజు మనవరాలు కూడా వెంట వచ్చింది. ప్లాట్‌ఫాం మీద ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది. పొద్దున్నే హౌరాలో బయల్దేరి, మా ఊళ్లో కాసేపు నిలిచి, ఒడిశా, ఆంధ్ర దాటి తెలంగాణ చేరే బండి అది. 1500 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పిల్ల పెట్టె మీది పేరు కూడబలుక్కుని చదివి నా వైపు తిరిగింది.

"తాతా, ఈ బండి ఫలక్‌నుమా ఎల్తాదా?"

"లేదమ్మా. సికింద్రాబాద్‌లోనే ఆగిపోతాది."

"మరి ఆ పేరెందుకెట్టారు?"

ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని చెప్పాను. హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఒక గుట్ట మీద ఆ పేరుతో మేడ ఉందనీ, నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దాన్ని కట్టడం మొదలుపెట్టాడనీ చెప్పాను. ఆ మేడ పేరే బండికి పెట్టారన్నాను. పిల్ల తృప్తిపడింది. నాకే తృప్తి కలగలేదు. ఫలక్‌నుమా అని పేరు రాసుకుని అక్కడిదాకా వెళ్లకుండా ఆగిపోయిన రైలు ఇంకొకటి ఉందని నాకు గుర్తొచ్చింది. దాని ఆలస్యం ఏళ్లలో ఉంది.

హైదరాబాద్ మెట్రో మొదటి దశలో మూడు మార్గాలు. రెండోదాని పేరు కాగితాల మీద జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు. నిర్మాణ సంస్థతో ఒప్పందం 2010 సెప్టెంబరులో కుదిరింది. 2017 నవంబరు 28న మియాపూర్, నాగోల్ మధ్య మొదటి బండి కదిలింది. ఆ తరవాత ఎల్బీనగర్ చేరింది, హైటెక్ సిటీ చేరింది, రాయదుర్గం చేరింది. 2020 ఫిబ్రవరి 7న రెండో మార్గం కూడా తెరిచారు. కానీ అది జేబీఎస్ నుంచి వచ్చి మూసీ ఒడ్డున, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. ఏరు దాటితే పాతబస్తీ. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, షంషేర్‌గంజ్, ఫలక్‌నుమా అని ఐదు స్టేషన్ల పేర్లు ముందే అనుకుని ఉన్నారు. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లు.

ఐదున్నర కిలోమీటర్లంటే ఎంతో ఖరగ్‌పూర్ వాడికి వేరే కొలబద్ద అక్కర్లేదు. మా ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. తరవాత గోరఖ్‌పూర్, ఆ తరవాత హుబ్బళ్లి దాన్ని దాటాయి. అలాంటి ప్లాట్‌ఫాంలు ఐదు ఒకదాని చివర ఒకటి పేరిస్తే, ఇంకో నూట నలభై మీటర్లలో ఫలక్‌నుమా వచ్చేస్తుంది. నడక అలవాటున్న మనిషికి గంటంబావు దూరం.

మా నాన్న కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరుగా పనిచేశాడు. చిన్నప్పుడు ఆయన నాకు ఛార్టు చదవడం నేర్పాడు. నిలువునా స్టేషన్ల పేర్లు, అడ్డంగా గంటలూ నిమిషాలూ. కదిలే ప్రతి బండీ ఒక ఏటవాలు గీత. మెయిలు గీత నిటారుగా దూసుకుపోతుంది, గూడ్సు గీత వాలుగా పాకుతుంది. బండి ఆగిందా, గీత అడ్డంగా పడుకుంటుంది. కాలం జరుగుతూనే ఉంటుంది, బండి జరగదు. ఆ అడ్డగీతను ఊరికే వదలడానికి వీల్లేదు. ఎందుకు ఆగిందో పక్కన రాయాలి. సిగ్నల్ పడలేదా, పట్టా విరిగిందా, ఇంజను చెడిందా, ఎవరైనా గొలుసు లాగారా? ఆ నిమిషాలు ఏదో ఒక డిపార్ట్‌మెంట్ ఖాతాలో పడాలి. అవి మా నిమిషాలు కావంటే మా నిమిషాలు కావని ఆఫీసుల మధ్య ఎంత వాదన జరిగినా, చివరికి ఒక ఖాతాలో పడి తీరాలి. డ్యూటీ దిగేముందు నాన్న ఛార్టు మీద సంతకం పెట్టేవాడు. అడ్డగీత ఉన్నందుకు ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. కారణం రాయని అడ్డగీత మీద సంతకం పెట్టాల్సి వస్తే మాత్రం ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు.

పాతబస్తీ మెట్రో నా కళ్లకు అలాంటి అడ్డగీతలాగే కనిపిస్తుంది.

కారణాలు లేవని నేనను. శాలిబండ దారి ఇరుకు. రోడ్డుకు ఇటూ అటూ మసీదులు, అషూర్‌ఖానాలు, గుడులు, దర్గాలు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్లు దాటిన చార్మినార్ పరిసరాల్లో స్తంభాలు వేసుకుంటూ పోవాలంటే ఎవరికైనా చెయ్యి వణకాల్సిందే. వందల ఆస్తులు తీసుకోవాలి, పరిహారం తేల్చాలి. మార్గమే మార్చాలన్న వాదన వచ్చింది. దానిమీద చర్చ నడిచింది. ఇవన్నీ నిజమైన కష్టాలే. అయితే మూసీకి ఇవతల సుల్తాన్ బజార్ కూడా ఇరుకే. అక్కడి వ్యాపారులూ వ్యతిరేకించారు, వీధుల్లోకి వచ్చారు. మాట్లాడారు, తేల్చారు, బండి నడిపారు. ఏటికి ఇవతల తెగిన చిక్కుముడి అవతల ఎందుకు తెగలేదని పాతబస్తీ అడిగింది. శాసనసభలో అక్కడి సభ్యులు మళ్లీ మళ్లీ అడిగారు. ఇరుకు దారి ఎన్నేళ్లు తిన్నది? మార్గం మార్పు వాదన ఎన్నేళ్లు? డబ్బు కోసం ఆగింది ఎంత? ఏమీ చెయ్యకుండా ఫైలు పడుకున్నది ఎంత? ఈ లెక్క ఎవరూ విడదీసి జనం ముందు పెట్టలేదు. అన్నీ కలిపి ఆలస్యం అనే ఒక్క మాటలో మూటగట్టారు.

ఆ మూట మోసేవాళ్లు ఇద్దరు. ఒకడు ప్రయాణికుడు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమాకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, నిజమే. కానీ అది కాచిగూడ, యాకుత్‌పురా మీదుగా పాతబస్తీ అంచును ఒరుసుకుంటూ పోతుంది. చార్మినార్ నడిబొడ్డున గాజుల దుకాణంలో పనిచేసే అమ్మాయికి, సాయంత్రం కాలేజీ నుంచి తిరిగొచ్చే కుర్రాడికి అది అక్కరకు రాదు. వాళ్లు మూసీ ఒడ్డున మెట్రో దిగి, మళ్లీ ఆటోకో బస్సుకో చెయ్యెత్తాలి. ప్రతిరోజూ కాసింత సమయం, కాసింత డబ్బు. ఒక్కరోజుకు చిన్నదే. ఏళ్లు పెరిగేకొద్దీ అది ఒక మనిషి బతుకులో ఎన్ని నెలలవుతుందో ఎవరూ కూడి చూడరు.

రెండోవాడు రోడ్డు పక్క దుకాణదారు. రైలు వస్తే సగం దుకాణం పోతుందని తెలుసు. ఎప్పుడు పోతుందో తెలియదు. పైకప్పు కారుతుంటే బాగుచేయించాలా వద్దా? కొడుక్కి ఇదే వ్యాపారం అప్పగించాలా, వేరేచోట గది చూడాలా? తీసుకుంటే తీసుకోండి, లేదంటే బతకనివ్వండి అని అతను అనడంలో తప్పేముంది? గోల్‌బజార్‌లో రైల్వే స్థలంలో దుకాణం పెట్టుకున్నవాళ్ల మధ్య పెరిగినవాణ్ని నేను. రేపటి గురించి ఖాయమైన కాగితం చేతిలో లేకపోతే మనిషి కొత్త అలమారా కొనడానికి కూడా వెనకాడతాడని కళ్లారా చూశాను.

కారణం తెలిసిన ఆలస్యాన్ని జనం భరిస్తారు. మాకు దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. కలకత్తా ఈస్ట్-వెస్ట్ మెట్రోకు 2009లో శంకుస్థాపన జరిగింది. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో సొరంగం తవ్వుతుంటే నీళ్లు ఉబికి, నేల కుంగి, పైనున్న ఇళ్లు బీటలువారాయి. కుటుంబాలు కట్టుబట్టలతో బయటికొచ్చాయి. అది ఘోరమైన దెబ్బ. కానీ పని ఎందుకు ఆగిందో ఊరంతటికీ తెలుసు. ఎక్కడ ఆగిందో, ఏం సరిచెయ్యాలో తెలుసు. అక్కడికి రెండు పక్కలా ముక్కలు ముక్కలుగా మార్గం తెరుచుకుంటూ వచ్చింది. 2024 మార్చిలో హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా హుగ్లీ కింద బండి నడిచింది. 2025 ఆగస్టు 22న చివరి తునక కూడా అతుక్కుంది. ఇవాళ ఖరగ్‌పూర్ లోకల్లో హౌరా చేరినవాడు నది అడుగునుంచి అవతలి ఒడ్డుకు పోతున్నాడు. పదహారేళ్లు పట్టింది. అయినా ఆ అడ్డగీతల్లో అన్నిటికన్నా పెద్దదాని పక్కన కారణం రాసి ఉంది.

మా తాతల ఊళ్ల వైపు చూస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది. 2003 దాకా వాల్తేరు డివిజన్, ఖరగ్‌పూర్ డివిజన్ ఒకే రైల్వే కింద ఉండేవి. బదిలీ మీద మావాళ్లు అటూ ఇటూ తిరిగినవాళ్లే. ఆ విశాఖకు మెట్రో సాధ్యమో కాదో ఏడాదిలోగా పరిశీలించాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోనే రాసి ఉంది. నివేదికలు తయారయ్యాయి. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చాక మళ్లీ మొదటికొచ్చాయి. పొడవు పెరిగింది, తగ్గింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశగా 46.23 కిలోమీటర్లకు ఆమోదం చెప్పేనాటికి, చట్టం అచ్చయి పదేళ్లు నిండాయి. గాజువాక నుంచి మద్దిలపాలెం మీదుగా కొమ్మాది వైపు హైవే మీద బస్సుల్లో వేలాడినవాళ్లు ఆ పదేళ్లూ అలాగే వేలాడారు.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లన్నారు. నాకు సంతోషమే కలిగింది. రాయి పడ్డచోట రైలు వస్తుందని నమ్మే జాతి మాది. కానీ రాయి మీద చెక్కేది మొదలుపెట్టిన తేదీ ఒక్కటే. పాతబస్తీ అడగాల్సింది ఆ రాయి వెనకవైపు రాత: ఫలానా ఏడాదికి సాలార్‌జంగ్, ఫలానా ఏడాదికి చార్మినార్, తప్పితే ఎందుకు తప్పిందో, ఎవరు జవాబు చెప్పాలో. అలా అడిగితే అభివృద్ధికి అడ్డుపడుతున్నారని కొందరు అంటారు. ఆలస్యమెందుకని అడిగేవాడు రైలు కావాలనుకునేవాడే. అక్కర్లేనివాడు ప్లాట్‌ఫాం మీద నిలబడి గడియారం చూడడు.

ఇంటికొచ్చాక మనవరాలికి పాత కాగితం వెనకవైపు ఛార్టు గీసి చూపించాను. ఖరగ్‌పూర్ దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా సికింద్రాబాద్ దాకా గీత లాగాను. దాని కింద ఇంకో పేరు రాసింది పిల్ల, ఫలక్‌నుమా అని. సికింద్రాబాద్ దగ్గర గీతను అడ్డంగా తిప్పి, కాగితం అంచుదాకా లాక్కుపోయింది. తరవాత పెన్సిల్ నా చేతికిచ్చింది.

"తాతా, ఇక్కడ కారణం ఏం రాయాల?"

నాన్న నేర్పిన పద్ధతి అది. ఆ ఖాళీలో నేను రాయగలిగింది ఏమీ లేదు. రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. పెన్సిల్ కాగితం మీదే ఉంచాను.