చెప్పుకొనలేని బాధ

కన్నతల్లితో సైతము నోరు విప్పి చెప్పుకొనలేని బాధలు ఆడువారికి కొన్ని గలవు. మూత్రద్వారమునకు సంబంధించినవి వానిలో మొదటివి. మా పెద్దవదినెగారు ఇట్టి బాధను నాలుగేండ్లు అనుభవించి యిటీవలనే బయటపడిరి. "నా పేరు మాత్రము వ్రాయకు. తక్కినదంతయు వ్రాయుము, ఎవరికైన పనికివచ్చును" అని వారే చెప్పుటచే సోదరీమణులకు ఈ సంగతి విన్నవించుచున్నాము.

వారికి మూత్రవిసర్జన సమయమున మంట, అప్పుడప్పుడు జ్వరము. పరీక్ష చేయించుట, వారము దినములు మందు మ్రింగుట, తగ్గినదనుకొనుట, రెండు నెలలకు మరల మొదలగుట. ముగ్గురు వైద్యులు మారిరి. ఒకరు నీరు చాలినంత త్రాగుట లేదనిరి. ఒకరు వయసు మార్పనిరి. మూడవవారు "అంతయు మీ మనస్సులోనిదే నమ్మా" యని పంపివేసిరి. ఆ దినమున వదినెగారు ఎవ్వరితోను పలుకక, ప్రొద్దుగూకువఱకు వంటయింటిలో గిన్నెలు తోముచునే యుండిరి.

నాలుగవ వైద్యురాలు మందు వ్రాయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసెను. లేచి వచ్చిన పిమ్మట బొట్లు బొట్లుగా పడి బట్ట తడియునా? దాంపత్యమునందు నొప్పి యుండునా? వదినెగారు తల వంచుకొని రెంటికిని అవునన్నట్లు తల యూపిరి. అంతవఱకు అడిగినవారు లేరు, వారు చెప్పనూ లేదు. దినమునకు నాలుగుమార్లు బట్ట మార్చుకొనుచు, పేరంటములకు పోవుట మానుకొనియుండిరట!

మూత్రాశయమునుండి బయటికి వచ్చు గొట్టమును శాస్త్రగ్రంథములలో ప్రసేకమందురు. స్త్రీలలో దాని పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, అనగా అంగుళమున్నర. దాని చుట్టును సన్నని గ్రంథులుండును. వానిలో నొకదాని నోరు మూసికొని చీము పట్టి, ఆ చీము గొట్టములోనికే పగిలినచో, అచ్చట చిన్న సంచి యేర్పడును. దీనినే డైవర్టిక్యులమందురు. మూత్రము కొంత ఆ సంచిలో నిలిచి, తరువాత బొట్లుగా జారును. నిలిచినది కుళ్లి మరల మరల మంట పుట్టించును. మందు కుళ్లును మాన్పునే కాని సంచిని మాన్పదు. ఒక్కొక్కప్పుడు అందులో రాళ్లు కట్టును. మిక్కిలి అరుదుగా పుట్టకురుపును పుట్టవచ్చును.

1956లో అమెరికాలో డేవిస్, సియన్ అను వైద్యులు, రెండు బుడగలు గల గొట్టముతో రంగుమందును ఒత్తిడిగా పంపి ఎక్స్-రే తీయు పద్ధతిని కనిపెట్టిరి. అంతవఱకు అరుదనుకొన్న వ్యాధి, వెదకుట నేర్చిన పిమ్మట ఎక్కువమందిలో కనబడెను! కాని సంచి నోరు మూసికొనియున్నచో రంగు లోనికి పోదు, బొమ్మలో నేమియు కనబడదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో ఈ చిక్కు లేదు. ఇందు ఎక్స్-రే కిరణములును లేవు. బలమైన అయస్కాంతము నడుమ పరుండబెట్టి రేడియో తరంగములు పంపగా, దేహములోని నీటి హైడ్రోజను ఇచ్చు జవాబును బట్టి యంత్రము బొమ్మ కట్టును. ఒక విధమైన బొమ్మలో నిలిచిన ద్రవము తెల్లగా వెలుగును. నోరు మూసియున్నను సంచి దాగలేదు. ఈ మార్గమును చూపిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ పండితులకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

లోపలికి పోవుటకు ముందు పిన్నులు, గాజులు, మెట్టెలు, సమస్త లోహములును తీసివేయవలెను. గుండెలో యంత్రము అమర్చుకొన్నవారు ఆ మాట ముందే చెప్పితీరవలెను. మంగళసూత్రము తీయుమనగా వదినెగారు తటపటాయించిరి. పసుపుత్రాట పసుపుకొమ్ము కట్టుకొని, సూత్రములను మా చేతికిచ్చిరి. నలువది నిమిషములు కదలక పరుండవలెను. లోపల రోకటిపోట్లవంటి చప్పుడు. నొప్పి యేమియు లేదు.

బొమ్మలో, రేగుపండంత సంచి గొట్టమునకు వెనుకనుండి గుఱ్ఱపులాడము వలె చుట్టుకొనియున్నది. అది ఎంతవఱకు వ్యాపించినదో తెలిసినగాని శస్త్రవైద్యులు కత్తి పట్టరాదు. మూత్రమును బిగపట్టు కండరము ప్రక్కనే యుండును. ఆ బొమ్మ చూచిన పిమ్మట ఇంటిల్లిపాదియు నమ్మిరి. నాలుగేండ్ల నోటిమాటకు లేని విలువ ఒక నల్లని రేకునకు గలుగుట మాకు కష్టముగానే తోచినది.

మంట యున్న ప్రతివారికిని ఈ ఖరీదైన పరీక్ష అక్కరలేదు. పెక్కుమందికి మందుతోనే కుదురును. మందుకు తగ్గి మరల మరల వచ్చుచు, తరువాత బొట్లు పడునట్టివారు ఆ మాటను వైద్యులతో దాచక చెప్పవలెను, అడుగకున్నను చెప్పవలెను.

వదినెగారికి శస్త్రచికిత్స జరిగినది. మూడు వారములు గొట్టముతో నుండిరి. మొన్న శ్రావణమాసమున నాలుగిండ్ల పేరంటములకు పోయి, శనగలు కొంగున మూటగట్టుకొని వచ్చిరి.