పళ్లెముల కొండపై నొక కాపురము

జపాను దేశపు నాలుగు పెద్ద దీవులలో దక్షిణపు దిక్కున నున్నది క్యూషూ. అందు ఓయిత మండలములో హిత యను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమునకు ఉత్తరముగా కొండలలోనికి పోయినచో ఒంత యను కుమ్మరిపల్లె వచ్చును. ఆ పల్లెను చుట్టుప్రక్కలవారు సరయామ యని పిలుతురు. వారి భాషలో 'సర' యన పళ్లెము, 'యామ' యన కొండ. పళ్లెముల కొండ యన్నమాట. ఆ పేరు వినినంతనే దానిని చూడవలెనని నాకు కోరిక పుట్టినది. దినమునకు పదిమాఱులు గిన్నెలను కడిగి బోర్లించు స్త్రీకి, గిన్నె పుట్టిన యింటిని చూడవలెనను కుతూహలము సహజమే కదా!

శరత్కాలమున నొకనాడు నా భర్తయు నేనును ఫుకుఓక నగరమునుండి రైలులో హితకు చేరి, అచ్చటనుండి మోటారుబండిలో కొండదారి పట్టితిమి. ఆ పట్టణమునకు చెందిన యొక యువతి మాకు దారిచూపుటకును, వారి మాట మాకును మా మాట వారికిని తెలుపుటకును వెంట వచ్చినది. దారి కిరువైపుల సుగి వృక్షములు స్తంభములవలె నిలిచి ఆకాశమును కప్పుచుండెను. ఇవి మన దేవదారు వృక్షములను బోలి యుండును. హిత పట్టణము ఈ కలపకు పేరుమోసినది. ఆవములలో పెట్టెడి కట్టెయు నిదియే.

బండి దిగగానే మాకు మొదట వినవచ్చినది మనుష్యుల మాట కాదు. కిఱ్ఱుమని యొక మూలుగు, కొంతసేపటికి దబ్బుమని యొక దెబ్బ. మరల మూలుగు, మరల దెబ్బ. వాగు వెంట నడిచినకొలది ఆ చప్పుడు ఒకచోట ఆగుచు, మఱియొకచోట మొదలిడుచు మమ్ము వెన్నంటి వచ్చినది. అది మట్టిని దంచు రోకళ్ల చప్పుడు. 1996లో జపాను ప్రభుత్వపు పర్యావరణ శాఖవారు దేశమున కాపాడుకొనదగిన నూఱు శబ్దములను ఎన్నుకొన్నప్పుడు ఈ చప్పుడును వానిలో చేర్చిరి.

ఈ రోకళ్ల యమరిక మన ఏతామును చూచినవారికి వెంటనే బోధపడును. ఒక పెద్ద దూలము. దాని నడుమ ఇరుసు. ఒక కొన దొన్నెవలె తొలిచియుండును, రెండవ కొనకు రోకలి బిగించి యుండును. వాగునుండి మలిపిన నీరు దొన్నెలో పడి నిండగానే ఆ కొన బరువెక్కి క్రిందికి వంగును, రోకలి పైకి లేచును. వంగిన దొన్నెలోని నీరు ఒలికిపోవును. తోడనే రోకలి దబ్బున గుంటలోని మట్టిపై పడును. రాత్రియు పగలును, ఎవరును కాపుండకయే, ఈ పని జరుగుచుండును. ప్రక్క కొండనుండి త్రవ్వి తెచ్చిన మన్ను రాతిగడ్డలవలె నుండుటచే, అది పిండి యగుటకు ఇంచుమించు మూడు వారములో, అంతకు మించియో పట్టునట.

ఈ పల్లెలో కుండలు చేయుట 1705వ సంవత్సరమున మొదలైనది. కొండ కావలనున్న కొయిషివార యను కుమ్మరి గ్రామమునుండి యనసె వంశీయుడొకడు విద్యను తెచ్చెను. కురోకి వంశీయుడు ధనమిచ్చెను. సకమోతొ వంశమువారు భూమి నిచ్చిరి. మూడువందల యేండ్లు దాటినవి. నేటికిని అచ్చటి కుమ్మరి యిండ్లు పదికి మించవు. వానిలో పెక్కింటి యింటిపేర్లు ఆనాటివే. బయటివారిని శిష్యులుగా చేర్చుకొను నాచారము లేదు. ఒక్కొక్క యింట రెండేసి సారెలుండును: ఒకటి తండ్రికి, ఒకటి కొడుకునకు.

మేము పోయిన యింట భార్యాభర్తలిద్దఱే పనిలో నుండిరి. ఆమెకు ఏబదియేండ్లుండవచ్చును. తలకు గుడ్డ కట్టుకొని, మోచేతులవఱకు బురదతో, తొట్టివద్ద నిలుచుండి యుండెను. దంచిన మట్టిపిండిని నీటిలో కలిపి, కలియబెట్టి, పైకి తేలిన చిక్కని నీటిని జల్లెడలో వడియబోసి, మరల పేరనిచ్చుట ఆమె పని. ఇసుకయు పుల్లలును పోవువఱకు మరల మరల నిట్లే చేయవలెను. పేరిన బురదను నీరోడ్చి, ఎండకును వెచ్చనకును ఆరబెట్టి, సారెకు తగిన పదునునకు తేవలెను. మనము పిండివడియములకు బియ్యపు పిండిని తేర్చుకొనునట్టి పనియే. కాని యిచ్చట కుండెడు పిండి కాదు, బండ్లకొలది మన్ను. చలికాలమున కొండవాగు నీటిలో చేతులుంచి ఈ పని చేయుట యెట్టిదో ఆమె వ్రేళ్ల కణుపులే చెప్పుచుండెను. ఈ పల్లెలో మన్ను సిద్ధపఱచుట తరతరములుగా స్త్రీల వంతు.

లోపల ఆమె భర్త సారె ముందర కూర్చుండి యుండెను. మన కుమ్మరి కఱ్ఱతో సారెను త్రిప్పివిడిచి, అది తిరుగుచున్నంతలో కుండ నెత్తును. ఇచ్చటివారు ఎత్తైన పీటపై కూర్చుండి క్రిందనున్న చక్రమును కాలితో తన్నుచు, పైచక్రముపై చేతులతో పని చేయుదురు. ముద్ద వేయుట, నడుమ వ్రేలు దింపుట, అంచు లేపుట. చూచుచుండగనే పదునైదు గిన్నెలు పలకపై బారుతీరినవి. పలక నిండగానే ఆయన పిలువలేదు, ఆమెయు అడుగలేదు. ఆమె చేతులు తుడిచికొని వచ్చి, పలకను భుజమున కెత్తుకొని పోయి ముంగిట ఎండలో పెట్టినది. ఇంతలో చినుకు పడినది. ఆయన సారె విడిచి లేచునప్పటికే ఆమె మూడు పలకలు లోపలికి చేర్చినది. నా భర్త నావైపు చూచి నవ్వెను. ఆరవేసిన వడియములకై వాన చినుకులకు పరుగెత్తు మన యింటి ముచ్చట ఆయనకు జ్ఞాపకము వచ్చినది కాబోలు!

పచ్చి ఆరిన గిన్నెపై తెల్లమట్టి పూత పూసి, దానిపై పనితనము చూపుదురు. మడమవలె వంచిన సన్నని ఇనుపపట్టీని తిరుగుచున్న గిన్నెకు తగిలించి పట్టుకొన, అది టకటకమని యెగిరిపడుచు తెల్లపూతను గోటితో గిల్లినట్లు గిల్లుచు పోవును. క్రిందనున్న నల్లమట్టి గీతలు గీతలుగా వరుసదేఱును. కుంచెతోను, దువ్వెనవంటి పనిముట్టుతోను, వట్టి వ్రేళ్లతోను కూడ అలంకరింతురు. పిమ్మట కట్టె బూడిద, వరిగడ్డి బూడిద, రాతిపొడి మొదలగువానితో చేసిన గాజువంటి మెఱుగుపూత వేయుదురు. అందు ఇనుము చేరిన గోధుమవన్నెయు, రాగి చేరిన పచ్చవన్నెయు వచ్చును.

ఆవము కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన గదుల వరుస. క్రింది గదిలో నిప్పుపెట్టగా మంట ఒక గదినుండి మఱియొక గదికి ఎగబ్రాకును. కొన్ని కుటుంబములకు ఒకే ఉమ్మడి ఆవము. కొందఱికి సొంత ఆవములు. మంటపెట్టిన దినములలో దంపతులకు నిద్ర లేదు. ఒకరు కట్టె అందియ్యగా మఱియొకరు వేయుదురు. వేడి 1200 డిగ్రీలు దాటును. మన పల్లెలలో గడ్డియు పిడకలును కట్టెలును పేర్చి కాల్చు ఆవమునకు అంత వేడి రాదు. అందుచేతనే మన కుండ చెమర్చి నీటిని చల్లబఱచును, పొయ్యిసెగను ఓర్చుకొనును. ఒంత గిన్నె రాతివలె బిగిసి నీరు పీల్చదు. ఊరగాయకు మేలైనది, కాని పొయ్యిపై పెట్టిన పగులును. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ యనరాదు. దేని పని దానిది.

ఇంటి ముందరి గదియే దుకాణము. నేనొక గిన్నెను తిరుగవేసి చూచితిని. అడుగున ఒంత యను ఊరిపేరు ముద్ర తప్ప చేసినవారి పేరు లేదు. ఏ యింటి గిన్నెకైనను అంతియే. నేను మాకు తోడువచ్చిన యువతిచే ఆ యిల్లాలిని అడిగించితిని: "వీనిలో నీవు చేసిన దేదమ్మా?"

ఆమె నోటికి చేయడ్డము పెట్టుకొని నవ్వి యిట్లనెను: "సారె యెక్కువఱకు మన్ను నాది. సారె దిగినప్పటినుండి గిన్నె నాది. నడుమ కొంచెముసేపు ఆయనది." ఆయన ఆ మాట విని తల వంచుకొని నవ్వుచు పని చేసికొనుచునే యుండెను.

ఈ పేరులేని పనితనమే ఈ పల్లెకు లోకమున పేరు తెచ్చినది. సామాన్యజనుల చేతిపనులలోని అందమును చాటిన యనగి సోఎత్సు యను పండితుడు 1931లో ఇచ్చటికి వచ్చి మెచ్చికొనెను. ఆంగ్లదేశపు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ 1954లో వచ్చి కొన్నివారములుండి పని చేసెను. అంతకు ముందు ఇచ్చటివారు సగము సేద్యము, సగము కుండలపని చేసికొని, చుట్టుప్రక్కల రైతులకు జాడీలును తొట్లును అమ్ముకొనువారు. పిమ్మట పట్టణములనుండి కొనువారు వచ్చిరి. సేద్యము తగ్గి సారెయే జీవనమైనది. 1995లో ప్రభుత్వము ఈ విద్యను ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించినది. 2008లో పల్లెకును ఆ గౌరవమిచ్చినది.

గిరాకి పెరిగినను వీరు మర రోకళ్లను తేలేదు. కారణ మడుగగా ఆయన సారెపైనుండియే చెప్పెను: మర పెట్టినచో ఒక్కొక్కరు ఎంత మన్నైనను దంచవచ్చును, అప్పుడు ఒకని యిల్లు పెరిగి, ఒకని యిల్లు తఱుగును. నీరు దంచిన మన్నే వాడుకొన్నచో ఎవ్వరును మితిమీఱి చేయలేరు. వాగు వేగమే వారి వర్తకమునకు హద్దు. ఇరుగుపొరుగుల నడుమ అసూయ పెరుగకుండ ఒక వాగు కాపాడుచున్నదన్నమాట!

కాని ఆ వాగే కోపించిన దినమును గలదు. 2017వ సంవత్సరము జూలైలో ఉత్తర క్యూషూలో కుంభవృష్టి కురిసి కొండచరియలు విఱిగిపడినవి. ఈ పల్లెలోని రోకళ్లు పెక్కు దెబ్బతిన్నవి. "ఆ రాత్రి తరువాత చప్పుడు లేదు. నిశ్శబ్దమునకు నిద్ర పట్టలేదు," అని ఆమె చెప్పినది. దూలములు మరల చెక్కించి, కాలువలు మరల త్రవ్వి, పల్లెవారు రోకళ్లను నిలువబెట్టుకొనిరి.

మేము సెలవు పుచ్చుకొనబోవు వేళ, పనిగదిలో రెండవ సారెపై గుడ్డ కప్పియుండుట చూచితిని. అది మామగారిదట. ఆయన పోయి కొన్నియేండ్లైనది. వారి కుమారుడు పట్టణమున చదువుకొనుచున్నాడు. ఈ పనికి వచ్చునో రాడో యింకను చెప్పలేదు. "బలవంతము చేయము. మనసులేని చేతులకు మన్ను లొంగదు," అని ఆమె యనెను. వారికొక కుమార్తెయు కలదు. చిన్ననాటినుండి తల్లివెంట తొట్టివద్ద పెరిగినదట. నేను సంకోచించుచునే, ఆ పిల్ల రెండవ సారెపై కూర్చుండరాదా యని అడిగించితిని.

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. భర్తవైపు చూచినది. ఆయన చక్రము ఆపెను. "మా అత్తగారి కాలమున ఈ ప్రశ్నను ఎవరును అడుగలేదు," అని ఆమె మెల్లగా ననెను. "ఇప్పుడు రాత్రులందు మేమిద్దఱమును ఒకరినొకరము అడుగుకొనుచున్నాము." అంతకు మించి ఆమెయు చెప్పలేదు, నేనును అడుగలేదు. వాగునుండి మూలుగును దెబ్బయు వినవచ్చుచునే యుండెను.

తిరుగుదారిలో నాకు నా పుట్టినింటి కుమ్మరి వీధి జ్ఞాపకము వచ్చినది. నా పెండ్లికి ఐరేని కుండలను మేళతాళములతో ఆ వీధినుండియే తెచ్చిరి. సున్నము పూసి రంగులు దిద్దిన ఆ కుండలముందే నేను అక్షతలు పట్టుకొని కూర్చుంటిని. కుమ్మరి పేరు ఊరెల్లను ఎఱుగును. చెఱువునుండి మన్ను మోసి, త్రొక్కి, గంపలో కుండలు పేర్చుకొని సంతకు పోవు ఆయన భార్యను నేను చిన్ననాటినుండి చూచుచునే యుంటిని. కాని ఆమె పేరేమో నే నెన్నడును అడుగలేదు. పేరులేని పనితనమును మెచ్చుకొనుట పేరుగలవారికి సులభము. ఆ మెప్పులో సగము పని చేసినవారిని మఱచుటయు అంతే సులభము.

ఒంతలో కొన్న గిన్నెలో ఇప్పుడు మా యింట పెరుగు తోడుపెట్టుచున్నాను. మొన్న మా తమ్ముని కుమార్తె పెండ్లికి పోయినప్పుడు, ఐరేని కుండలకై కుమ్మరి యింటికి పోయిన ముత్తైదువలతో నేనును పోయితిని. ఆమె యిప్పుడు ముసలిదైనది. అరుగుపై కూర్చుండి ప్రమిదల నారవేయుచుండెను. ప్రక్కన కూర్చుండి పేరడిగితిని. "నా పేరుతో నీకేమి పని తల్లీ!" అని ఆమె సిగ్గుపడెను. పిమ్మట, ఎవరును వినకుండ నన్నట్లు, మెల్లగా చెప్పినది.