పలక తుడిచినంత తేలిక కాదు!

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పాత కంప్యూటర్లది ఓ ప్రత్యేక లోకం. అక్కడ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ బాగుచేసేవాళ్లూ... అందరి నోటా వినిపించే మాట ఒక్కటే. 'ఫార్మాట్ కొట్టు!' ఇంతకీ ఆ ఒక్క దెబ్బకీ పోయేదేమిటి, పోకుండా మిగిలేదేమిటి?

ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి, ముక్కుకి తగిలే బిర్యానీ ఘుమఘుమల్ని కాస్త ఓర్చుకుని ముందుకు నడిస్తే పార్క్‌లేన్ వస్తుంది. ఆ వీధి పేరు చెప్పగానే గుర్తొచ్చేది చెనాయ్ ట్రేడ్ సెంటర్. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంది? ఆటో ఎక్కి 'సీటీసీ' అంటే చాలు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో మన జంటనగరాల కంప్యూటర్ బజారుకి ఇది అలాగ.

లోపల కొట్టు పక్కన కొట్టు. ఓచోట ప్రింటర్ల అట్టపెట్టెలు, మరోచోట కీబోర్డుల కుప్ప. అద్దాల అల్మరాల్లో బుద్ధిగా నిలబడ్డ ల్యాప్‌టాప్‌లు. పాతవి అమ్మే కొట్లలో మాత్రం అసలు సందడంతా వెనకాల ఉన్న బల్ల దగ్గర. మూత విప్పిన ల్యాప్‌టాప్, దుమ్ము దులిపే బ్రష్షు, సన్నటి స్క్రూడ్రైవరు, ఓ గిన్నెలో మరలు, నాలుగైదు పెన్‌డ్రైవులు. పాత యంత్రానికి ఇక్కడే తలంటు పోసి, కొత్త బట్టలు తొడిగి పంపిస్తారు.

ఈ యంత్రాల్లో చాలావరకు ఆఫీసుల నుంచి వచ్చినవే. మూడు నాలుగేళ్లు వాడాక కంపెనీలు పాతవన్నీ కలిపి ఒకేసారి వదిలించుకుంటాయి. వ్యాపారుల భాషలో దాన్ని 'లాటు' అంటారు. మిగిలినవి ఇళ్లలోంచి వస్తాయి. అబ్బాయి అమెరికా వెళ్లాడనో, కొత్తది కొన్నామనో తెచ్చి అమ్మేస్తారు. కొనడానికి వచ్చేవాళ్లు ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలు, అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునేవాళ్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, లెక్కలు రాసే గుమాస్తాలు. కొత్త ల్యాప్‌టాప్ ధర చూసి గుండె జారిన తండ్రికి ఈ కొట్లే దిక్కు.

పేరు పలక పీకితే ఇల్లు ఖాళీ అవుతుందా?

ఇక్కడ రోజూ వినిపించే సంభాషణ ఒకటుంది.

"అన్నీ తీసేశానండీ. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఎంతకు తీసుకుంటారు?"

"అట్ల తీస్తే పోదు సార్. మీరు వదిలిపెట్టిపోతే మా పోరగాడు గంటల మీ ఫొటోలన్నీ మళ్ల తీస్తడు."

బెదిరింపు కాదది, పచ్చి నిజం. కంప్యూటర్లో ఓ ఫైలును డిలీట్ చేస్తే హార్డ్‌డిస్కు చేసే పని చాలా చిన్నది. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికలో ఆ పేరు కొట్టేసి, 'ఈ చోటు ఖాళీ' అని గుర్తు పెట్టుకుంటుంది. లోపలి సమాచారం ఉన్నచోటే ఉంటుంది. దానిమీద మరొకటి రాసేదాకా చెక్కు చెదరదు. గుమ్మం మీది పేరు పలక పీకేసి, సామానంతా లోపలే వదిలేసి, ఇల్లు ఖాళీ చేశామనుకున్నట్టన్నమాట! ఎక్కువమంది కొట్టే 'క్విక్ ఫార్మాట్' కూడా ఇంతే. పట్టిక మాత్రం కొత్తదవుతుంది.

ఈ సంగతిని ఇద్దరు విద్యార్థులు లోకానికి ఎప్పుడో చూపించారు. అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000-2002 మధ్య 158 పాత హార్డ్‌డిస్కులు కొని విప్పి చూశారు. వాటిలో పనిచేసినవి 129. సరిగ్గా తుడిచి అమ్మినవి ఎన్నో తెలుసా? పన్నెండంటే పన్నెండు! మిగిలినవాటిలో ఉత్తరాలు, వైద్యం వివరాలు, 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఓ డిస్కయితే ఏటీఎం నుంచి వచ్చినట్టు తేలింది. 2003లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఇప్పుడు మన ఇంటి కంప్యూటర్లో ఏముంటాయో ఓసారి తలుచుకోండి. ఆధార్, పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మాయి పెళ్లి ఫొటోలు, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు...

సీ డ్రైవు, డీ డ్రైవు

మన దగ్గర మరో తిరకాసు ఉంది. ఒకే హార్డ్‌డిస్కును సీ, డీ, ఈ అంటూ గదులుగా పంచుకోవడం మనకు అలవాటు. 'ఫార్మాట్ కొట్టు' అనగానే చాలామంది సీ డ్రైవునే కొడతారు. విండోస్ ఉండేది అందులోనే కాబట్టి. తెర కొత్తగా మెరుస్తుంటే అమ్మేవాళ్లు అంతా పోయిందనుకుంటారు. డీ డ్రైవులో తిరుపతి యాత్ర ఫొటోలు అలాగే ఉంటాయి.

ఇంట్లోనే ఉంచుకుని బాగుచేయించుకునేవాళ్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కష్టం. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవన్నీ మామూలుగా సీ డ్రైవులోనే ఉంటాయి. వైరస్ పట్టిందని సీ డ్రైవు ఫార్మాట్ చేయిస్తే అవి కాస్తా మాయం. పోవాలనుకున్నవి పోవు, ఉండాలనుకున్నవి ఉండవు! అందుకే అనుభవమున్న మెకానిక్కు చెయ్యి వేసేముందే అడుగుతాడు. "అన్నా, బ్యాకప్ తీసుకున్నవా?"

ఆ ఒక్క ప్రశ్నలో చాలా ఉంది. లెక్కల గుమాస్తా అయితే ట్యాలీ డేటా ఫోల్డరును దాచుకోవాలి. లైసెన్సును సరెండర్ చేశాకే ఫార్మాట్‌కి ఇవ్వాలి. డీటీపీ చేసేవాళ్లయితే తెలుగు ఫాంట్లను కూడా కాపీ చేసుకోవాలి. యూనికోడ్ రాకముందు నాటి ఫాంట్లతో కూర్చిన పెళ్లిపత్రికలు, కథల పుస్తకాలు ఆ ఫాంటు లేకపోతే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఫైలు భద్రంగానే ఉంటుంది, చదివే దారే ఉండదు. కాపీ తీసుకున్నాక మరో కంప్యూటర్లో నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోవడం మర్చిపోవద్దు.

ఒక్కసారి తుడిస్తే చాలు

మరి నిజంగా తుడవడం ఎలా? హార్డ్‌డిస్కు మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాయడమే. 1996లో పీటర్ గట్‌మన్ అనే శాస్త్రవేత్త రకరకాలుగా 35 సార్లు రాసే పద్ధతి ఒకటి సూచించాడు. అది పాతకాలపు డిస్కులను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఇప్పటి హార్డ్‌డిస్కులకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక టెరాబైట్ డిస్కయితే రెండు మూడు గంటలు పట్టొచ్చు. 'అయిదు నిమిషాల్లో తుడిచిచ్చాం' అని ఎవరైనా అంటే మీకు అర్థం కావాల్సింది అర్థమైనట్టే.

విండోస్ 10, 11 ఉన్న యంత్రాల్లో దీనికి ఇంట్లోనే దారుంది. సెట్టింగుల్లో 'రీసెట్ దిస్ పీసీ'కి వెళ్లి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, అక్కడితో ఆగకుండా సెట్టింగులు మార్చి 'క్లీన్ డేటా'కి ఎస్ చెప్పాలి. అన్ని డ్రైవులనూ తుడవమని కూడా అక్కడే చెప్పాలి. ఈ రెండూ వదిలేస్తే మళ్లీ కథ మొదటికే వస్తుంది.

హార్డ్‌డిస్కుకి బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే లెక్క వేరు. తన అరలన్నీ సమానంగా అరగాలని అది రాసిన చోటే మళ్లీ రాయదు. కొత్తది మరో అరలో రాస్తుంది. కాబట్టి పైపైన సున్నాలు రాసినా పాత అరల్లో ఏదో మిగిలే అవకాశముంది. దీనికి తయారీదారులే ఇచ్చే 'సెక్యూర్ ఎరేజ్' ఆదేశం వాడాలి. మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, చివర్లో దాని తాళంచెవిని చెరిపేయడం మరో పద్ధతి.

మళ్లీ ఓనమాలు

తుడిచేశాక పలక ఖాళీ. ఇక దిద్దించాలి. బల్ల మీద అతను ఓ పెన్‌డ్రైవ్ గుచ్చి, పవర్ బటన్ నొక్కి, ఎఫ్12 మీద టకటకా కొడతాడు. డెల్, లెనోవో అయితే అది. హెచ్‌పీ అయితే ఎఫ్9. ఆ పెన్‌డ్రైవ్ మీరూ తయారుచేసుకోవచ్చు. 8 జీబీది ఉంటే చాలు, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత పనిముట్టే విండోస్‌ను అందులో సర్దిపెడుతుంది.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. 2012లో విండోస్ 8 వచ్చాక, విండోస్‌తో సహా అమ్మిన యంత్రాల్లో లైసెన్సు తాళం సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే కొత్తగా కొనక్కర్లేదు. అలాంటప్పుడు ఊరూపేరూ లేని 'క్రాక్' విండోస్ వేయించుకుని, దానితోపాటు వైరస్‌ను ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు?

పాత యంత్రం కొనేవాళ్లు అడగాల్సింది మరొకటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది కావాలి. అంతకంటే పాతదైతే పారేయాలని కాదు. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఉచితం. ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలిస్తే పిల్లలు చదువుకోవడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అది ఇంకొన్నాళ్లు సుఖంగా పనిచేస్తుంది.

కంపెనీల నుంచి వచ్చినవాటిలో ఓ మెలిక కూడా ఉంటుంది. కొన్ని సంస్థలు తమ ల్యాప్‌టాప్‌ల గుర్తింపును మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తాయి. డిస్కు తుడిచినా, కొత్తది వేసినా, మొదటి సెటప్‌లో ఇంటర్నెట్‌కి కలపగానే ఆ కంపెనీ లాగిన్ అడుగుతుంది. దాన్ని తీయాల్సింది ఆ కంపెనీయే. అందుకే డబ్బులిచ్చే ముందు, ఇంటర్నెట్ కలిపి మీ కళ్లెదుటే సెటప్ పూర్తి చేయమనండి. బయోస్ పాస్‌వర్డు లేదని కూడా చూసుకోండి. బిల్లు అడగడానికి మొహమాటపడకండి.

సెటప్ పూర్తయి ఖాళీ తెర వెలిగినప్పుడు కొనుక్కున్న పిల్లల మొహం చూడాలి. ఎవరో వాడి వదిలేసిన యంత్రమన్న సంగతి ఆ క్షణంలో వాళ్లకు గుర్తే ఉండదు. యూజర్ పేరు అడిగినచోట తమ పేరు టైపు చేసుకుంటారు. ఆ పేరు కింద మరొకరి బతుకు దాగి ఉండకుండా చూడాల్సిన బాధ్యత మాత్రం అమ్మినవాళ్లది. కాబట్టి తుడిచేముందు దాచుకోండి, అమ్మేముందు తుడుచుకోండి.