నాన్న క్యాలెండర్‌లో ఖాళీ లేదు

మొన్న వానాకాలంలో ఒక శుక్రవారం సెలవు పెట్టి, ముందు చెప్పకుండా గద్వాల వెళ్ళాను. సర్‌ప్రైజ్ ఇద్దామని. తీరా చూస్తే ఇంటికి తాళం!

అమ్మకి ఫోన్ చేస్తే బస్సు హోరులోంచి "మేం అలంపూర్ పోతున్నం రా, జోగులాంబ అమ్మవారి దర్శనానికి. తాళంచెవి పక్కింట్ల ఉంది, అన్నం గిన్నెల ఉంది" అని పెట్టేసింది. నాన్నకి చేస్తే "జూరాల గేట్లు లేపిన్రు గద, ఆడున్నం. సాయంత్రం వస్తలే" అన్నాడు. నాకు వారానికి పదిహేను మీటింగులు. అయినా నాకు సెలవు దొరికింది గానీ వీళ్ళ అపాయింట్‌మెంట్ దొరకలేదు :-)

సరే, కొంచెం వెనక్కి వెళ్తాను. నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి 2013లో రిటైరయ్యాడు. అప్పట్లో 58కే ఇంటికి పంపేసేవాళ్ళు. పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఖాళీగా కూర్చుంటే ఏమవుతాడో అని నాకు భయం పట్టుకుంది. రిటైరైన ఆర్నెల్లకే మంచం పట్టినవాళ్ళని చూశాను మరి. అందుకని హైదరాబాద్‌లో ఒక బెడ్‌రూమ్ ఎక్కువున్న ఫ్లాట్ తీసుకుని ఇద్దర్నీ తీసుకొచ్చాను.

నలభై రోజులున్నారు. నాన్న పొద్దున, సాయంత్రం టవర్ల చుట్టూ తిరిగేవాడు. వాచ్‌మన్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడినట్టు కనపడేది కాదు. నలభై ఒకటో రోజు బ్యాగు సర్దుకున్నాడు. "ఇక్కడ నీకేం తక్కువైంది నాన్నా?" అని కొంచెం గట్టిగానే అడిగాను. "తక్కువేం లేదు రా. అందరు మంచోళ్ళే. గానీ ఈడ నన్ను తిట్టెటోడు ఒక్కడు లేడు" అన్నాడు. అప్పుడది నాకు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. ఈఎంఐ కట్టేది నేను కదా!

గద్వాలలో నాన్న రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున ఐదున్నరకి నడక, కోట దాకా. మూడొందల ఏళ్ళ కింద సోమనాద్రి కట్టించిన కోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా ఉంది. నడక ఒక అరగంట, ఆ తర్వాత గుడి ముందు కూర్చోవడం ఒక గంట. అక్కణ్ణుంచి టీ హోటల్. రోజూ పొద్దున ఆఖర్న వచ్చినవాడు ఆ రోజు బిల్లు కట్టాలి (ఐదున్నర నడకకి ఐదుంపావుకే ఎందుకొస్తారో ఇప్పుడు మీకు అర్థమయ్యుంటుంది). ఒకటే పేపరు కొని నాలుగు ముక్కలు చేసుకుని చదువుతారు. సినిమా పేజీ ముందు ఎవరికి రావాలన్న దాని మీద కూడా గొడవే.

మొత్తం నలుగురు. నాన్న, రిటైర్డ్ పోస్టుమాస్టర్ సార్, ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన కాంపౌండర్, నాకు హైస్కూల్లో పరుగులు నేర్పిన డ్రిల్ సార్. ఐదో మనిషి మగ్గం పెద్దాయన, కానీ ఆయన టీ తాగి వెంటనే వెళ్ళిపోతాడు. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే, ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, రెండూ మగ్గం మీదే కలపాలి. ఆయనకి రిటైర్మెంట్ అనే మాట లేదు. 2019లో 2,016 రూపాయలు చేసిన ఆసరా పెన్షన్ వస్తుంది, దాంతో నెల గడవదు కాబట్టి డెబ్భై దాటినా కూర్చుంటాడు. ఆయన బిల్లు వంతు వచ్చిన రోజు మాత్రం ఎలాగో ఇంకెవరో ఆలస్యమైపోతారు. ఈ విషయం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇక ఊరేగడాలు. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యలో ఉన్న నడిగడ్డ మాది, ఎటు పోయినా నీళ్ళే. వానాకాలంలో జూరాల, మిగతా రోజుల్లో బీచుపల్లి ఆంజనేయస్వామి, జమ్మిచేడు జములమ్మ. జూరాల ప్రాజెక్టుకి 1981లో శంకుస్థాపన చేశారు, 1995లో ప్రారంభించారు. నాన్న సర్వీసులో చాలా భాగం ఆ కాలవల వెంటే నడిచింది. డ్యామ్ పక్కన చేపలు వేయించి అమ్ముతారు, ఎక్కడెక్కణ్ణుంచో కార్లలో వచ్చి తింటారు. "సర్వీసుల ఉన్నన్నాళ్ళు గేట్లు లేపిన్రంటే గుండెదడ, ఇప్పుడు లేపిన్రంటే చేపలు" అంటాడు నాన్న. ఆయన రిటైరైన 2013లోనే గద్వాల నుంచి రాయచూరుకి రైలు కూడా మొదలైంది. వీళ్ళ కోసమే వేసినట్టు నెలకోసారి అందులో రాయచూరు పోతారు. ఏం పనంటే ఏం పనీ లేదు. పోయి, టిఫిన్ తిని, బజారంతా తిరిగి, ఒక తువ్వాలు కొనుక్కుని వస్తారు.

అమ్మ విషయం వేరు. నాన్న రిటైరైనా అమ్మ వంటింట్లోంచి రిటైర్ కాలేదు, పైగా మధ్యాహ్నం కూడా ఒక మనిషికి వంట ఎక్కువైంది. నన్నడిగితే అమ్మ రిటైరైంది 2023 డిసెంబర్ 9న, తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసిన రోజున. ఆధార్ కార్డు కొంగుకి కట్టుకుని వీధిలో ఆరుగురు బయల్దేరతారు. ఆ రోజు నాన్న భోజనం పొద్దుటి సద్దే. ఆయన బస్సు ఛార్జీలు పెరిగాయని సణుగుతుంటే అమ్మ జీరో టికెట్ తీసి చూపిస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండేళ్ళ కింద జరిగింది చెప్తాను. అమ్మ కర్నూల్లో అక్క దగ్గరికి వెళ్ళింది. నాన్న ఒక్కడే. ముందు రోజు రాత్రి షుగర్ మాత్ర వేసుకుని, సరిగ్గా తినకుండా పడుకున్నాడు. పొద్దున లేచి బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడిపోయాడు. ఐదున్నరకి రాలేదు. ఐదూ నలభైకి వీళ్ళు ఫోన్ చేశారు, తియ్యలేదు. ఆరు కాకముందే ముగ్గురూ ఇంటి ముందున్నారు. లోపల గడియ. అరవై ఏడేళ్ళ డ్రిల్ సార్ గోడ దూకాడు! కాంపౌండర్ నోట్లో ఇంత చక్కెర పోసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. రాత్రి రిలీజ్ ఉండి లేటుగా పడుకున్నాను. నాలుగు మిస్డ్ కాల్స్ చూసేసరికి తొమ్మిదీ నలభై. నూట తొంభై కిలోమీటర్లు ఎలా డ్రైవ్ చేశానో నాకు గుర్తు లేదు. వెళ్ళేసరికి నాన్న మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, చుట్టూ ముగ్గురూ నిలబడి ఆయన్ని తిడుతున్నారు. "తినకుండ మాత్ర మింగమని ఎవడు చెప్పిండయ్యా నీకు?" అని కాంపౌండర్ అరుస్తున్నాడు. నాన్న తల దించుకుని వింటున్నాడు. నలభై ఒకటో రోజు ఆయన అన్న మాట అప్పుడు అర్థమైంది నాకు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనుండేది నాలుగొందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎదురు ఫ్లాట్ ఆయన పేరు నాకు తెలీదు. నేనొక రోజు పొద్దున లేవకపోతే ఎవరికి తెలుస్తుంది? స్టాండప్‌కి రాలేదని పది గంటలకి స్క్రమ్ మాస్టర్ పింగ్ చేస్తాడు. ఆదివారమైతే అదీ లేదు.

మనందరి దగ్గరా ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది కదా, ఎంత పోగైతే ఉద్యోగం మానెయ్యొచ్చు అని. 1994లో బెంజెన్ అనే ఆయన అమెరికా మార్కెట్ లెక్కలతో 4 శాతం సూత్రం చెప్పాడు, దాన్నే మనం ఏడాది ఖర్చుకి పాతిక రెట్లు అని తిప్పి చెప్పుకుంటాం. ఆ లెక్క తప్పనడం లేదు. నాన్నకి పాత పెన్షన్ ఉంది, మనకి లేదు. 2014లో పెట్టిన 15,000 పరిమితి లెక్కన ముప్ఫై ఐదేళ్ళు చేసినా ఈపీఎస్‌లో నెలకి వచ్చేది 7,500కి కాస్త అటూ ఇటూగానే. కాబట్టి డబ్బు దాచాల్సిందే, మగ్గం పెద్దాయన్ని చూస్తే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కానీ నా షీట్‌లో పదకొండు కాలమ్స్ ఉన్నాయి, గోడ దూకే మనిషి ఒక్క దాంట్లో కూడా లేడు.

"మీ దోస్తానా ఎట్ల కుదిరింది నాన్నా?" అనడిగాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. 2009 అక్టోబర్ వరదల్లో ఆయన మూడు రోజులు డ్యూటీలోంచి ఇంటికి రాకపోతే, అమ్మని తమ ఇంట్లో పెట్టుకుంది పోస్టుమాస్టర్ సార్ వాళ్ళు. డ్రిల్ సార్ ఇంటి లోనుకి జామీను సంతకం నాన్నది. కాంపౌండర్ కూతురి పెళ్ళికి వారం సెలవు పెట్టి వంటశాల దగ్గర నిలబడింది నాన్నే. "రిటైరైనంక దోస్తులు దొరకరు రా. దొరికినోళ్ళను అందాంక ఇడిసిపెట్టకుండ ఉండాలె, అంతే" అన్నాడు.

నేనేమో ఆ పదేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళకి "సారీ రా, రిలీజ్ ఉంది" అని గూగుల్ పే చేసి ఊరుకున్నానో లెక్క లేదు.

అలాగని అంతా పండగేం కాదు. వాళ్ళు ఒకప్పుడు ఆరుగురు. 2021 కోవిడ్‌లో ఒకే నెలలో ఇద్దరు పోయారు. ఆ రెండు నెలలు నాన్న కోట వైపు వెళ్ళలేదట, అమ్మ చెప్పింది. కొత్తవాళ్ళని చేర్చుకుందామంటే అదే ఏడాది ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 61 చేసింది. "జాయినింగులు ఆగిపోయినయ్" అని నాన్న జోకు. మోకాళ్ళు నొప్పులు ఎక్కువై కాంపౌండర్ ఈ మధ్య గుడి దాకా ఆటోలో వస్తున్నాడు. నడక మానేశాడు గానీ రావడం మానలేదు.

నేను చేసింది పెద్దగా ఏం లేదు. హైదరాబాద్‌లోనే ఉంటూ ఆరేళ్ళుగా కలవని ఇంజనీరింగ్ రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. "ఏంట్రా, లోన్ కావాలా?" అన్నాడు ముందు. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం పొద్దున ముగ్గురం కలుస్తున్నాం. రెండుసార్లు క్యాన్సిల్ అయింది, నా వల్లే. ఎదురు ఫ్లాట్ ఆయన పేరు కూడా కనుక్కున్నాను. నాన్నని ఇక్కడికి రమ్మనడం మానేసి, నేనే అక్కడికి వెళ్తున్నాను.

ఈసారి మాత్రం ముందే ఫోన్ చేశాను, వచ్చే ఆదివారం వస్తున్నానని.

"ఆదివారం వద్దు రా, రాయచూరు పోతున్నం. శనివారం రా" అన్నాడు.