మామ కారుకు గాజునార మడ్‌గార్డులు

మా ఇంట్లో వేపచెట్టు కింద ఒక కారు తొమ్మిదేళ్లు కదలకుండా నిలబడింది. 1977 మోడల్ అంబాసిడర్, మార్క్ త్రీ. మా మామగారు 1984లో ప్రొద్దుటూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. వేంపల్లెలో మా వీధి మొత్తానికీ అప్పుడు అదొక్కటే కారు. అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా మా గేటే తట్టేవాళ్లు. నా పెద్ద కొడుకు పుట్టేటప్పుడు కడప ఆసుపత్రికి పోయింది కూడా అందులోనే. దారిలోనే పుట్టేస్తాడేమోనని వెనక సీట్లో పడుకుని నేను మొక్కని దేవుడు లేడు!

మామగారికి ఒక అలవాటుండేది. ఎంత రాత్రయినా హారన్ కొట్టేవారు కాదు. పసిపిల్లలు లేస్తారని. గేటు ముందు కారు ఆపి, దిగి, మడ్‌గార్డు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవారు. ఠంగ్, ఠంగ్. ఆ చప్పుడుకు మా అత్తమ్మ లేచిపోయి గడియ తీసేది. పక్కన పిడుగు పడినా లేవని మనిషి, దానికి మాత్రం లేచేది.

2012లో మామగారు పోయారు. కారు చెట్టు కింద చేరింది. వేపాకు రాలి బానెట్టు పక్కన సందులో కుళ్లింది, వానలకు నీళ్లు నిలిచాయి. చక్రం చిమ్మిన మట్టి మడ్‌గార్డు లోపల ఎప్పటినుంచో పేరుకునే ఉంది. ఇనుము లోపలినుంచే తినుకుంటూ వస్తుందట, చెదలు పట్టిన వాసంలాగ. పైన రంగు బాగానే కనిపించేది. ఒకరోజు అత్తమ్మ కొంగుతో తుడుస్తుంటే హెడ్‌లైటు పక్కన వేలు అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది.

పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు మావారు. అత్తమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

నేను అప్పుడే చీటీ పాడి ఉన్నాను. చేతికి రెండు గాజులు చేయించుకోవాలని రెండేళ్లు కట్టిన చీటీ. ఆ డబ్బు కారుకు పెడదామంటే మావారు నన్ను ఎగాదిగా చూశారు. చివరికి చూడండి, గాజుల డబ్బు గాజునారకే పోయింది!

మా మెకానిక్ భాయ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంజను గట్టిగానే ఉందక్కా, ముందర రెండు మడ్‌గార్డులే పోయినాయి. ఫైబర్‌వి వేద్దాం" అన్నాడు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అసలు రేకు దొరికినా అదీ పాతదే ఉంటుందన్నాడు. ప్లాస్టిక్ కారుకు ఇంత డబ్బా అనుకున్నాను లోపల. మా చిన్నోడు నవ్వాడు. అమెరికాలో 1953లోనే కార్వెట్ అనే కారు ఒళ్లంతా గాజునారతో చేశారట. మన బెంగుళూరులోనూ 1982లో డాల్ఫిన్ అని అట్లాంటి కారే వచ్చిందట.

బెంగుళూరు నుంచి పార్సిల్ వచ్చింది. ఒక్కో మడ్‌గార్డును ఒంటిచేత్తో ఎత్తేశాను! కానీ బిగించబోతే ఎడమదానికి బానెట్టు పక్కన అరంగుళం సందు. షాపుకు ఫోను చేస్తే, చేతిపని కదా, కొంచెం అటూ ఇటూ ఉంటుందన్నారు. మనం చీర కొంటే అటూ ఇటూ ఉంటే ఊరుకుంటామా!

భాయ్ ఆ అంచును మా పెరట్లోనే పెంచాడు. నాకు వంటపని తెలుసు కాబట్టి అది చూసి వెంటనే అర్థమైంది. రెజిన్ అని తేనెలాంటి జిగురు. అందులో ముందు కోబాల్టు కలిపి బాగా తిప్పాలి, ఆ తరవాతే హార్డనర్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటుందని పిల్లలను దరిదాపులకు రానివ్వలేదు. హార్డనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముందని కళ్లద్దాలు తీయనే లేదు. అది పాలకు తోడులాంటిదే. తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే నిమిషాల్లో బిగిసి వేడెక్కి పగులుతుంది. మన కడప ఎండలకు ఇంకా తగ్గించి వేయాలి. మొదటిసారి భాయ్ చెయ్యి జారింది. ప్లాస్టిక్ గ్లాసు అతని కళ్లముందే మెత్తబడి ఒరిగిపోయింది.

అచ్చుకు ముందుగా మైనం రాశాడు, మైసూర్‌పాక్ పళ్లేనికి మనం నెయ్యి రాసినట్టు. దాని మీద గాజునార చాప పరిచి, రెజిన్‌తో తడిపి, గాలిబుడగలు లేకుండా బ్రష్షుతో పొడిచి పొడిచి అద్దాడు. అట్లా మూడు పొరలు. బుడగ మిగిలితే అక్కడే పగులుతుందట.

మర్నాడు బిగింపు. బోల్టులన్నీ వదులుగా పెట్టి, బానెట్టు మూసి, తలుపు వేసి, సందులు అన్నిచోట్లా సమానంగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు ఒక్కోటీ కొంచెం కొంచెం బిగించాడు. ఒకేసారి బిగిస్తే ఫైబర్ పగులుతుందని ప్రతి బోల్టుకూ పెద్ద వాషరు, దాని కింద రబ్బరు వేశాడు.

దురద సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. అంచులు కోసి గీకినప్పుడు లేచే పొడి కంటికి కనపడని గాజుముక్కలే. భాయ్ తుడుచుకున్న తువ్వాలును తెలీక ఇంటిబట్టల్లో వేసి ఉతికేశాను. రెండు రోజులు ఇంటిల్లిపాదీ గోక్కున్నాం. మీ ఇళ్లలో ఎప్పుడైనా ఈ పని జరిగితే ఆ బట్టలను విడిగా ఉతకండి. ఒంటికి పడితే రుద్దకుండా ముందు చన్నీళ్లు పోసుకోండి.

రంగు కూడా వేశాం, పాత తెలుపే. రంగు మారిస్తే ఆర్సీలో రాయించుకోవాలి, ఆ తిరుగుడు మనకెందుకని. రాత్రి లైటు వేసి చూస్తే ఒక్కటీ వెలగలేదు! బల్బులు మార్చాడు, ఫ్యూజు చూశాడు. గంటసేపటికి నెత్తి కొట్టుకున్నాడు. ఇనుప మడ్‌గార్డయితే కరెంటు తిరిగిపోయే దారి ఆ ఇనుమే. గాజునారలో కరెంటు పోదు కదా! హెడ్‌లైట్ల నుంచి ఛాసిస్‌కు ఒక నల్ల తీగ లాగేసరికి రెండూ ఒక్కసారే వెలిగాయి. వీధి పిల్లలు కేకలు పెట్టారు.

అత్తమ్మ అంతసేపూ అరుగు మీదే కూర్చుని ఉంది. లేచి వచ్చి కొత్త మడ్‌గార్డును తడిమింది. అరచేత్తో రెండుసార్లు తట్టింది. డబ్, డబ్. అట్టపెట్టెను కొట్టినట్టు.

"ఇది పలకదు మ్మే" అంది నాతో.

నాకు గుండె జారిపోయింది. చీటీ డబ్బు పోయినందుకు కాదు. ఇన్ని లెక్కలు చూసినదాన్ని, సందు కొలిచినదాన్ని, ఆ చప్పుడు సంగతి నాకెందుకు గుర్తు రాలేదు? పాత రేకులను అప్పటికే గేటు పక్కన పడేసి ఉన్నాం, సామాన్లవాడి కోసం. అత్తమ్మ వాటిని లోపలికి ఈడ్చుకుపోయింది. ఇప్పుడవి దొడ్లో గోడకు ఆనించి ఉన్నాయి. కోళ్లు వాటి కింద గుడ్లు పెడుతున్నాయి, నేను అడ్డు చెప్పలేదు.

శ్రావణమాసం మొదటి శనివారం కారులోనే గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాం. అత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. మావారు గేటు ముందు కారు ఆపి హారన్ మీద చెయ్యి పెట్టబోతే, "ఉండురా" అని అత్తమ్మ దిగింది. మడ్‌గార్డు దాటి ముందుకు పోయి బానెట్టు మీద తట్టింది. బానెట్టు పాతదే, ఇనుముదే.

గేటు తీయడానికి నేను పరిగెత్తాను.