ముప్పావుగంట విమానం

సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి గాల్లో దూరం 300 కిలోమీటర్లు, అటూ ఇటూగా. టికెట్ మీద గంటా పది నిమిషాలని ఉంటుంది గానీ నిజంగా ఎగిరేది ముప్పావుగంటే. సీటు బెల్టు లైటు ఆరీ ఆరకముందే నీళ్ల సీసా చేతిలో పెడతారు, మూత తీసేలోపు దిగబోతున్నామని మైకులో చెప్పేస్తారు. కిటికీలోంచి చూస్తే గళ్లచీర పరిచినట్టు పామాయిల్ తోటలు.

ఈ కాస్త దానికి ముందూ వెనకా జరిగే హంగామా ఉంది చూశారూ! చాంగీ విమానాశ్రయానికి రెండు గంటల ముందే చేరుకోవాలి. అటు దిగే విమానాశ్రయమేమో ఊరికి 50 కిలోమీటర్ల పైమాటే. ఎక్స్‌ప్రెస్ రైలెక్కినా ఊళ్లోని కేఎల్ సెంట్రల్‌కి అరగంట. ఇమిగ్రేషన్ వరస సంగతి సరేసరి. ఇంటి గడప నుంచి లెక్కేస్తే నాలుగున్నర గంటలు తేలుతుంది.

బస్సయితే ఐదారు గంటలు. సరిహద్దుకి అటోసారి ఇటోసారి దిగి పాస్‌పోర్టు చూపించాలి, శుక్రవారం సాయంత్రమైతే ఇక దేవుడే దిక్కు. అయినా నా ఓటు బస్సుకే. వరసకి మూడే సీట్లుండే బస్సులు దొరుకుతాయి, కాళ్లు బారజాపుకుని కునుకు తీయొచ్చు.

అసలు గంటన్నరలో చేర్చే హైస్పీడ్ రైలుకి 2016లోనే రెండు దేశాలూ సంతకాలు చేశాయి. 2020 డిసెంబరు 31తో ఆ ఒప్పందం గడువు కాస్తా తీరిపోయింది. అదే వచ్చుంటే, ప్రపంచంలోనే మహా రద్దీ అంతర్జాతీయ మార్గాల్లో ఒకటైన ఈ రూట్లో విమానాలు సగం ఖాళీగా తిరిగేవని నా అనుమానం.