ఫైలు శిరస్సున నొక నిర్దేశము

సెలవులకు అరసవల్లి వచ్చినప్పుడెల్ల మా వీథి బాలురు నన్ను జూచి, “మావయ్యా, కంప్యూటరుతో నీవు చేయు పని యేమి?” అని యడుగుచుందురు. యంత్రమునకు సంఖ్యలు దప్ప వేఱేమియు దెలియవు. మనము వ్రాయు పొట్టి మాటలను ఆ సంఖ్యలుగా మార్చు ప్రోగ్రామునకు అసెంబ్లరని పేరు. మేము వ్రాయు ప్రతి పంక్తియు యంత్రమునకు గాదు. కొన్ని అసెంబ్లరుతోనే చెప్పుకొను మాటలు. వానిని నిర్దేశము లందుము. పరీక్షలో జవాబు పుస్తకము మొదటి పుటమీద విషయమును నంబరును వ్రాయుదురు గదా! అవి జవాబులు కావు. అయినను అవి లేనిచో దిద్దువారికి దారి లేదు.

నాకు పని పడినది మిప్స్ ప్రాసెసర్లతో. వీనియందు దశాంశ సంఖ్యలకై 32 రిజిస్టర్లు కలవు. పాత పద్ధతిలో ఒక్కొక్కటి 32 బిట్లే. 64 బిట్ల సంఖ్య వచ్చినచో సరి బేసి రిజిస్టర్లు రెండును జంటగా దానిని మోయును. క్రొత్త పద్ధతిలో ప్రతిదియు 64 బిట్లది. పాత పద్ధతిని నమ్మి వ్రాసినవాడు సంఖ్యయొక్క పైసగమును బేసి రిజిస్టరులో బెట్టును. యంత్రము క్రొత్త పద్ధతిలో నడచుచున్నచో ఆ సగము వేఱొక సంఖ్య యింటికి బోవును. లెక్క తప్పును, ఎవ్వరును కేక వేయరు. బయటినుండి మాకొకప్పుడు వచ్చిన ఫైలు అట్టిదే. ఏ పద్ధతికి వ్రాసిరో ఆ సంగతి ఫైలులో నెచ్చటను లేదు. అది అసెంబ్లరును పిలుచు కమాండ్ లైనులో నుండెనట! ఆ లైను మాకు రాలేదు. మూడు దినములు వెదకితిమి.

గ్నూ అసెంబ్లరునకు 2014లో ‘డాట్ మాడ్యూల్’ అను నిర్దేశమును జేర్చిరి. కమాండ్ లైనులో జెప్పవలసినదానిని ఫైలులోనే చెప్పుట దీని పని. అంతకు ముందే ‘డాట్ సెట్’ కలదు గాని, అది ఆ చోటికి మాత్రమే. అవసరము తీరగానే పూర్వస్థితికి మరలవచ్చును. మాడ్యూలునకు మరలుట లేదు, ఏలయన ఫైలంతటికిని పూర్వస్థితి యదియే. పైగా మొదటి యాదేశమునకు ముందే యది రావలెను. పిమ్మట వచ్చినచో అసెంబ్లరు తప్పని త్రోసివేయును.

ఇది మిక్కిలి కఠినమని కొందఱందురు. నాకట్లు తోచదు. మా యూరి సూర్యదేవాలయమున మార్చి, అక్టోబరు మాసములందు కొన్ని యుదయములు కిరణములు వాకిళ్లు దాటి స్వామి పాదములను దాకును. దీపమును నేడొకచోట, రేపొకచోట బెట్టవచ్చును. గర్భగుడి దిక్కు మాత్రము మొదటి రాయి పడకమున్నే తేలవలెను. గోడలు లేచినపిదప దానిని ద్రిప్పబూనువానిని ఏ శిల్పి మన్నించును?

ఈ నిర్దేశము గల ఫైలునుండి పుట్టిన ఆబ్జెక్ట్ ఫైలులో ఆ పద్ధతి గుర్తుగా నిలుచును. భిన్న పద్ధతుల ఫైళ్లను గలుపబోవునపుడు లింకరు ఆ గుర్తులను జూచి హెచ్చరించును. మా మూడు దినములకు బదులు అర నిమిషము చాలియుండును.

ఒక చిక్కు మాత్రము కలదు. పూర్వపు మిప్స్ అసెంబ్లర్లు ఈ మాట నెఱుగవు, చూచినంతనే ఆగిపోవును. అందుచే అట్టివి వాడువారికి ఫైలు పంపునపుడు, నిర్దేశమునకు పైననే మేము వాడిన కమాండ్ లైనును గూడ వ్యాఖ్యగా వ్రాసి పంపుచున్నాము.